అది నడక కాదు, నీళ్ళు చూసుకోవడం: ఒక రిటైర్డ్ లస్కరు కేసు

నేను నెల్లూరులో ఫిజియోథెరపిస్టుని. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగానికి పైగా అరవై దాటినవాళ్ళే. మోకాళ్ళు, నడుము, భుజం, పక్షవాతం తర్వాత నడక, ఇవే ఎక్కువ. ఈ ఒక్క కేసు ఎందుకు రాస్తున్నానంటే, ఇందులో దాదాపు మూడు నెలలు నేను చెప్పిన వ్యాయామాల్లో తప్పు లేదు, కానీ అవి ఆ మనిషికి అంటలేదు. ఎందుకు అంటలేదో నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. రాస్తానంటే పెద్దాయనా, వాళ్ళబ్బాయీ ఇద్దరూ సరేనన్నారు. ఊరి పేరు, చెరువు పేరు రాయడం లేదు. ఇంటి వివరాలు కొన్ని మార్చాను.

ఆయన వయసు 69. నీటిపారుదల శాఖలో పెన్నా కాలువల మీద లస్కరుగా చేసి రిటైరయ్యారు. లస్కరు అంటే తెలియనివాళ్ళ కోసం: కాలువ గట్టు వెంట తిరుగుతూ తూముల షట్టర్లు ఎత్తడం, దించడం, ఎక్కడ గండి పడేలా ఉందో కనిపెట్టడం, రాత్రిపూట ఎవరైనా చాటుగా షట్టరు ఎత్తుకుంటే వెళ్ళి దించడం, పైవాళ్ళు చెప్పిన లెక్క ప్రకారం చివరి చేను దాకా నీళ్ళు చేరేలా చూడటం. ఆయన పని చేసినన్నాళ్ళూ నెల్లూరు, సంగం పాత ఆనకట్టలే. వాటి స్థానంలో వచ్చిన బ్యారేజీలు 2022 సెప్టెంబరులో మొదలయ్యాయి, అప్పటికి ఈయన ఉద్యోగం అయిపోయింది.

రిటైరయ్యాక కూడా పల్లెలోనే ఉన్నారు. భార్య చనిపోయాక కొడుకు టౌనుకి తీసుకొచ్చాడు, అపార్ట్‌మెంట్లో రెండో అంతస్తు. నా దగ్గరికి వచ్చేటప్పటికి టౌనుకొచ్చి 14 నెలలు. తీసుకొచ్చింది కోడలు. చెప్పిన సమస్య కుడి మోకాలు నొప్పి. అసలు భయం వేరే: నెల రోజుల కిందట బాత్రూమ్ గడప దగ్గర పడ్డారు. ఎముకలకేమీ కాలేదు గానీ అప్పట్నించీ కుర్చీ వదలడం లేదు. "బాల్కనీలో ప్లాస్టిక్ కుర్చీ మేడమ్, పొద్దున కూర్చుంటే మళ్ళీ భోజనానికే లేస్తారు, మామయ్య ఇట్టాంటి మనిషి కాదు" అంది ఆ అమ్మాయి. ఆ చివరి మాట ఆ రోజే పట్టుకుని ఉండాల్సింది. నేను మోకాలు చూడటంలో పడిపోయాను.

పరీక్షల్లో తేలింది ఇది. కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, తిరిగొచ్చి కూర్చోవడానికి 19 సెకన్లు పట్టింది. 12 సెకన్లు, ఆ పైన పట్టిందంటే పడే ప్రమాదం ఉన్నట్టు లెక్క. చేతులు ఆనించకుండా అర నిమిషంలో కుర్చీలోంచి 6 సార్లు లేచారు. 65 నుంచి 69 ఏళ్ళ మగవాళ్ళకి 12 కన్నా తగ్గితే కాళ్ళలో బలం చాలనట్టే. ఎక్స్‌రేలో రెండు మోకాళ్ళూ ఓ మోస్తరు అరుగుదల, ఆ వయసులో చాలామందికి కనిపించేంతే. ఇంకోటి, కూర్చున్నప్పుడు 142/84 ఉన్న బీపీ లేచి నిలబడిన నిమిషానికి 118/76కి పడింది. పై అంకె 20 గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడితే పట్టించుకోవాల్సిందే.

అందుకని మొదటి నిర్ణయం వ్యాయామం కాదు. ఆయన వాడుతున్న బీపీ మాత్రలో ఒంట్లో నీరు తీసే మందు కూడా ఉంది. లేవగానే కళ్ళు తిరిగే మనిషిని ఎండలో నడవమనడం కన్నా ముందు ఆ మాత్ర సంగతి తేలాలి. అంకెలు కాగితం మీద రాసిచ్చి డాక్టరు దగ్గరికి పంపాను. డాక్టరు మోతాదు మార్చారు. రెండు వారాల తర్వాత మళ్ళీ చూస్తే తేడా 10కి తగ్గింది. పడిపోయామని వచ్చే పెద్దవాళ్ళకి నిలబడి బీపీ చూడకుండా నడక చెప్పొద్దని నా తోటివాళ్ళందరికీ చెబుతుంటాను. ఐదు నిమిషాల పని అది.

తర్వాత మొదలుపెట్టినవి

మోకాలు అరిగిందంటే ఇక వాడకూడదనుకుంటారు మనవాళ్ళు. నిజానికి తొడ ముందు కండ బలంగా ఉంటే మోకాలి మీద భారం తగ్గుతుంది, కదలకపోతే ఆ కండ కరిగిపోయి నొప్పి ఇంకా పెరుగుతుంది. కాబట్టి కాలు చాచి ఎత్తడం, కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడ పట్టుకుని మడమలు ఎత్తడం, ఒక పాదం ముందు ఇంకో పాదం పెట్టి నిలబడటం, బొమ్మలున్న కాగితం ఇచ్చి పంపాను. క్లినిక్‌లో వారానికి రెండుసార్లు. ఇక్కడికొస్తే చెప్పినవన్నీ చేసేవారు, ఎదురు మాట్లాడేవారు కాదు. ఇంట్లో కోడలు గుర్తుచేస్తేనే, అదీ రెండు రోజులకోసారి.

నడక కోసం అపార్ట్‌మెంట్ మేడ మీద పొద్దున 20 చుట్లు చెప్పాను. సమతలం, లిఫ్ట్ ఉంది, కుక్కలు లేవు, బండ్లు లేవు, పడినా ఎవరో ఒకరు చూస్తారు. నా లెక్కలో అంతకన్నా భద్రమైన చోటు లేదు. నాలుగు రోజులు తిరిగి మానేశారు. అడిగితే, "గానుగెద్దు మాదిరి తిరగమంటావా పాపా? యాడికీ పోకుండా యాడికి పోయేది?" అన్నారు. మొండితనం అనుకున్నాను. ఫైల్లో కూడా 'సహకారం తక్కువ' అని రాసుకున్నాను.

మేడ మీద బోరు కొడుతోందేమో, నలుగురిలో ఉంటే నడుస్తారేమో అని పార్కు చెప్పాను. పక్క ఫ్లాటాయన తోడు. ట్రాక్ మీద అందరూ బూట్లేసుకుని గబగబా పోతుంటారు. ఈయన రబ్బరు చెప్పులతో పక్కకి జరిగి జరిగి నడిచేవారట. ఒకరోజు వెనకనించి పరిగెత్తుకుంటూ వచ్చిన కుర్రాడి మోచెయ్యి తగిలి తూలారు, కమ్మీ దొరికింది కాబట్టి సరిపోయింది. ఆ తర్వాత పార్కుకి పోయినా బెంచీ మీద కూర్చుని రావడమే.

మూడోది అచ్చంగా నా తప్పు. ఫోన్లో అడుగులు లెక్కపెట్టే యాప్ పెట్టించి రోజుకి 4000 అన్నాను. కొడుకు మంచివాడు, తండ్రి మీద ప్రేమతోనే, రాత్రి ఆఫీసు నుంచి రాగానే "ఎన్ని అయ్యాయి నాన్నా" అని అడిగేవాడు. ఆ ఇంట్లో సాయంత్రమైతే పరీక్ష పేపర్లిచ్చే రోజులా తయారైంది. పది రోజులు అంకెలు బాగా వచ్చాయి, నాకూ సంతోషం వేసింది. తర్వాత కోడలే చెప్పింది, ఫోను మనవడి జేబులో ఉంటోందని. పిల్లవాడు ఆడుకుంటూ తాతకి అడుగులు కూడబెడుతున్నాడు. పెద్దాయన ఆ రోజు నా మొహం చూడలేకపోయారు. ముప్పై ఏళ్ళకు పైగా నీళ్ళ లెక్క తప్పకుండా రాసిన మనిషి చేత నేను దొంగ లెక్క చెప్పించాను కదా అని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఆగస్టు చివర

ఇదంతా మారింది ఒక టీవీ వార్త వల్ల. క్లినిక్‌లో ఆయన కుర్చీ వ్యాయామం చేస్తున్నారు, ముందుగదిలో టీవీ నడుస్తోంది, పెన్నా మీది సోమశిల జలాశయానికి వరద వస్తోందని చెబుతున్నారు. సోమశిల పూర్తి నిల్వ 78 టీఎంసీలు. ఈయన లేవబోయి మధ్యలో ఆగి, చెయ్యెత్తి నన్ను మాట్లాడొద్దన్నారు. మొత్తం విన్నాక, "ఈ లెక్కన ఎడగారుకి కూడా నీళ్ళుంటాయి పాపా" అన్నారు. మా జిల్లాలో రెండో కారు పంటని ఎడగారు అంటాం. మూడు నెలల్లో నేను అడగకుండా ఆయన మాట్లాడిన మొదటి మాట అది.

ఆ రోజు వ్యాయామం పక్కనపెట్టి ఉద్యోగం గురించి అడిగాను. పొద్దున ఆరు ఏడు కిలోమీటర్లు గట్టు మీద, సాయంత్రం మళ్ళీ అంతే. వానాకాలంలో రాత్రులు టార్చి లైటుతో. పెన్నా పొంగితే ఇంటికే పోయేది లేదు. "అంత నడిచిన మనిషి ఇప్పుడు ఇరవై చుట్లు నడవలేకపోవడమేంటి" అన్నాను. ఆయన నిజంగా ఆశ్చర్యపోయారు. "అది నడక కాదు పాపా. నీళ్ళు చూసుకోవడం."

నేనిచ్చిందంతా నిమిషాలు, చుట్లు, అడుగులు. 65 దాటినవాళ్ళకి వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, కనీసం మూడు రోజులు బ్యాలెన్స్, బలం కలిసిన వ్యాయామాలు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో చెప్పింది. అది సరైనదే, నేనూ నమ్ముతాను. కానీ ఈయన జీవితంలో ఏ రోజూ నిమిషాల కోసం అడుగు వెయ్యలేదు. చూడాల్సింది ఏదో ముందర ఉంటే కాళ్ళు వాటంతటవే వెళ్ళాయి. మేడ మీద చూడటానికి నీళ్ళ ట్యాంకు తప్ప ఏముంది?

కట్ట మీదికి

చెరువు కట్ట మీదికి తీసుకెళ్దామంటే కొడుకు ఒప్పుకోలేదు. అతని భయంలో న్యాయముంది. గడప దగ్గర పడిన మనిషిని ఎగుడుదిగుడు కట్ట మీదికా? నేను కూడా రెండు రోజులు తటపటాయించాను. చివరికి నా ఆలోచన ఇలా సాగింది: బీపీ తేడా తగ్గింది, మూడు నెలల వ్యాయామంతో కుర్చీలోంచి లేవడం 6 నుంచి 8కి వచ్చింది, కట్ట మీద బండ్ల రద్దీ లేదు, తోసుకుంటూ పోయేవాళ్ళు లేరు, నేల ఎలాంటిదో ఆయన కాళ్ళకి తెలుసు. ఇంకోపక్క, కుర్చీలోనే ఉంచితే ఇంకో ఏడాదికి లేవలేని స్థితి ఖాయం. ఒకసారి నేనే వెంట వెళ్ళి చూసి చెబుతానన్నాను.

సెప్టెంబరు మొదట్లో, పొద్దున ఆరింటికి వెళ్ళాం. కొత్త బూట్లు, రబ్బరు బిరడా ఉన్న చేతికర్ర. కర్ర ఎత్తు చెయ్యి వేలాడేసినప్పుడు మణికట్టు దగ్గరికి రావాలి, నొప్పి ఉన్న కాలికి అవతలి చేతిలో పట్టుకోవాలి. కుడి మోకాలు కాబట్టి ఎడమ చేతికిచ్చాను. చాలామంది నొప్పి ఉన్న వైపే పట్టుకుంటారు, దానివల్ల మోకాలికి ఏమంత ఒరిగేది లేదు. కళ్ళజోడు కూడా మార్పించాను, చదువుకునే అద్దం కింద అతికిన జోడుతో నడిస్తే కాళ్ళ ముందర నేల మసగ్గా కనిపిస్తుంది.

కట్ట ఎక్కగానే ఆయన చెరువు వైపు చూడలేదు, నేను అటే చూస్తారనుకున్నాను. వెలుపలి వాలు వైపు చూశారు. కొంత దూరం పోయాక ఆగి, కర్రని నేలకి గుచ్చి, ఎడమ పాదం వాలుకి అడ్డంగా తిప్పి పెట్టుకుని, మోకాళ్ళు వంచి కిందికి దిగారు. క్లినిక్‌లో సగం వంచమన్నా వంచని మోకాలు అది. గడ్డి పక్కకి తీసి చూపించారు, ఎండ్రకాయ బొక్క. దాని కింద నేల చెమ్మగా ఉంది. రెండు వేళ్ళతో ఆ తడిని తాకి, వేళ్ళు రుద్ది చూసి, "తేటగా ఉంది, పర్లేదు. మురికిగా వస్తేనే భయం, లోపల మన్ను పోతున్నట్టు" అన్నారు. నేను ఆయన పాదాన్నే చూస్తున్నాను. వాలు మీద పాదం ఎలా పెట్టాలో నేను ఎవరికీ అంత బాగా నేర్పలేదు, నేర్పలేను కూడా.

తూము దగ్గర కొలబద్ద మీద నీటిమట్టం చదివారు. అక్కడినించి కలుజు (చెరువు నిండితే నీళ్ళు పొర్లిపోయే చోటు) దాకా వెళ్ళొచ్చాం, మధ్యలో పోలేరమ్మ వేపచెట్టు కింద ఐదు నిమిషాలు కూర్చోవడం. మొత్తం 800 మీటర్లు, 40 నిమిషాలు. నడిచినంతసేపూ మాట్లాడుతూనే ఉన్నారు. మాట్లాడగలుగుతున్నారంటే ఆయాసం హద్దులోనే ఉన్నట్టు, వేరే కొలత అక్కర్లేదు.

ఇక్కడ ఇంకో నిర్ణయం తీసుకోవాల్సి వచ్చింది. 'రోజూ నీటిమట్టం రాసి నాకు చూపించండి' అని చెబుదామా అనుకున్నాను, ఒక పని ఇచ్చినట్టు ఉంటుందని. తర్వాత వద్దనుకున్నాను. పెద్దవాళ్ళకి ఉత్తుత్తి పని ఇస్తే వాళ్ళకి తెలిసిపోతుంది, ఫోను సంగతి మళ్ళీ మొదలవుతుంది. ఏమీ అడగలేదు. రెండో వారంలో ఆయనే పాత డైరీ ఒకటి తీసి తేదీ, మట్టం, ఏ పిట్టలు దిగాయి, ఎక్కడ చెమ్మ ఉందీ రాయడం మొదలుపెట్టారు. గుర్రపుడెక్క ఎక్కడిదాకా పాకిందో కూడా. ఆయకట్టు రైతులు ఇద్దరు ముగ్గురు ఆయన్ని గుర్తుపట్టి, షట్టరు బిగుసుకుపోతే ఏం చెయ్యాలని అడగడం కూడా అప్పుడే మొదలైంది.

మొదటి రెండు వారాలు కొడుకు బండి మీద దించి అక్కడే ఉండేవాడు. ఆ తర్వాత దించి, గంటకి వచ్చి ఎక్కించుకునేవాడు. జేబులో ఫోను, నీళ్ళ సీసా, వాడే మాత్రల పేర్లూ ఇంటి నంబరూ రాసిన కార్డు. గడ్డిలో అడుగు పెట్టేముందు కర్రతో తట్టడం నేను చెప్పాల్సిన పని లేకపోయింది, రక్తపింజరి గురించి ఆయనే నాకు పాఠం చెప్పారు. వ్యాయామాలు మానలేదు. ఇప్పుడు గుర్తుచేసే పని లేదు, ఎందుకంటే తూము మెట్లు దిగడానికి తొడ బలం కావాలని ఆయనకే తెలుస్తోంది.

నవంబరులో పడ్డారు

మాకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. వరసగా ముసురు పట్టి ఆగిన మర్నాడు కట్ట మీద రేగడి బురదలో జారి కూలబడ్డారు. దెబ్బ తగల్లేదు, కానీ లేవలేకపోయారు. అటుగా వచ్చిన గేదెల మనిషి లేపేదాకా పావుగంట అలాగే ఉన్నారు. కొడుకు ఇక చాలన్నాడు.

ఆ పావుగంట నా తప్పే. పడకుండా ఉండటం నేర్పాను, పడితే లేవడం నేర్పలేదు. కొడుకుని, కోడల్ని, పెద్దాయన్ని కూర్చోబెట్టి మాట్లాడాను. మొదటిసారి ఇంట్లో పడినప్పుడు బాత్రూమ్ మానిపించలేదు, గడప తీయించి కమ్మీ పెట్టించారు. కట్టకి కూడా అదే పద్ధతి అన్నాను. వాన ఆగాక రెండు రోజులు ఎండ కాసేదాకా కట్ట లేదు, ఆ రోజుల్లో వరండాలో వ్యాయామం. ఆ నెలంతా క్లినిక్‌లో చాప పరిచి లేవడమే నేర్పాను: గాభరా పడకుండా ముందు ఒళ్ళంతా చూసుకోవడం, పక్కకి దొర్లడం, మోచేతి మీద లేచి చేతులూ మోకాళ్ళ మీదికి రావడం, పాక్కుంటూ గట్టి ఆధారం దగ్గరికి చేరడం, బలమైన పాదం ముందు ఆనించి లేవడం. ఇంట్లో కుర్చీ, కట్ట మీదైతే హద్దురాయో చెట్టో. పది రోజుల్లో సొంతంగా లేచారు. ఇప్పుడు నడకకి భయపడే ప్రతి పెద్దమనిషికీ ఇది మొదటి వారంలోనే నేర్పుతున్నాను, ఎందుకంటే చాలామంది భయం పడటం గురించి కాదు, పడి అలాగే ఉండిపోవడం గురించి.

సంక్రాంతి సెలవుల్లో ఇంటిల్లిపాదీ నేలపట్టు వెళ్ళారు. నీళ్ళలో నిలబడి ఉండే కడప చెట్ల మీద గూడబాతులు గూళ్ళు పెట్టుకునే చోటది. పక్షుల రెట్ట పడిన చెరువు నీళ్ళు చేలకి ఎరువని అక్కడి రైతులు వాటిని కాపాడుకుంటారు. పెద్దాయన పట్టుకుని పట్టుకుని టవర్ ఎక్కారట. నాకు చెప్పింది మాత్రం పక్షుల గురించి కాదు, ఆ చెరువు తూము గురించి.

వేసవిలో ఇంకో చిక్కు వచ్చింది. మే నెల ఎండ 40 దాటుతుంది, పైగా నీరు తీసే మాత్ర. డాక్టర్ని అడిగి, నీళ్ళు ఎంత తాగాలో రాయించుకుని, నడక సమయాన్ని పొద్దున ఐదున్నర నుంచి ఆరుంపావు దాకా అని మార్చాం. చెరువు అడుగంటింది, చూడటానికి ఏమీ లేదు, వారం రోజులు మళ్ళీ బాల్కనీ కుర్చీ. ఈసారి నాకు అర్థమవడానికి మూడు నెలలు పట్టలేదు. ఎడగారుకి కాలువకి నీళ్ళు వదిలారు కదా, కాలువ గట్టు మీదికి మార్పించాను.

కట్ట ఎక్కిన తొమ్మిది నెలలకి చూస్తే లేచి నడిచి కూర్చునే పరీక్ష 11 సెకన్లు. కుర్చీలోంచి లేవడం 11, అంటే ఇంకా 12కి రాలేదు. నొప్పి పదికి ఆరు నుంచి మూడుకి వచ్చింది, పూర్తిగా పోలేదు, ఎక్స్‌రేలో మార్పు ఉండదు కూడా. రాత్రి మధ్యలో లేవకుండా నిద్రపోతున్నారని కోడలు చెప్పింది. ఇదంతా చెరువుగాలి మహిమ అని నేను చెప్పను. మాత్ర మోతాదు మార్చకపోతే, తొడ కండ పెంచకపోతే ఆయన కట్ట ఎక్కేవారే కాదు. కానీ కట్ట లేకపోతే ఆ వ్యాయామాలు కాగితం మీదే ఉండేవి.

ఫైల్లో 'సహకారం తక్కువ' అన్న మాట కొట్టేశాను. కొత్తవాళ్ళు వచ్చినప్పుడు నేను రాసుకునే కాగితంలో ఒక గడి పెంచాను: ఇంతకుముందు దేనికోసం బయటికి వెళ్ళేవారు? మొన్న ఒకావిడ ఆకుకూరలన్నారు, ఏ గట్టు మీద ఏ కూర దొరుకుతుందో పావుగంట చెప్పారు. ఇంకొకాయన మైపాడులో పడవలు వచ్చే వేళ అన్నారు. ఒకాయన ఏమీ లేదన్నారు, ఆయన విషయంలో నాకు ఇంకా దారి దొరకలేదు.

పెద్దాయనకి వచ్చే నెల ఎడమ కంటికి శుక్లం ఆపరేషన్. కట్ట మీద దుమ్ము కాబట్టి ఎన్ని వారాలు ఆగాలో కంటి డాక్టర్ని అడిగి రమ్మన్నాను. ఆ వారాల్లో మనవడు వాళ్ళ నాన్నతో వెళ్ళి కొలబద్ద చూసొచ్చి డైరీ రాస్తాడట. అడుగులు ఎంతవరకు నిండాయో, అంగుళాలు ఎలా చదవాలో పోయిన ఆదివారం తూము మెట్ల మీద కూర్చోబెట్టి నేర్పించారు.